మర లేని కీలు

చిమ్టా కొనకు చిక్కిన మర నువ్వుగింజలో సగం ఉంటుంది. దాన్ని కళ్లద్దాల కీలులోకి దించబోతూ మొగిలి ఊపిరి బిగబట్టాడు. ముందు బొటనవేలు అదిరింది, ఆ వెనక మణికట్టు. మర జారి బల్లమీద పరిచిన ఆకుపచ్చ గుడ్డమీద పడింది. మళ్లీ పట్టాడు. మళ్లీ జారింది. ఇక పట్టకుండా అద్దాలను వెలుతురుకు ఎత్తి, ఏదో మరక కోసం వెతుకుతున్నట్టు మొహం పెట్టాడు.

కౌంటరు అవతల, మెడలో కంపెనీ కార్డు వేలాడుతున్న యువకుడు ఒక చెవితో ఏదో మీటింగు వింటూ నిలబడి ఉన్నాడు. అద్దాలు లేకపోవడంతో కళ్లు చిట్లించి, గోడమీది ఫ్రేములన్నిటినీ దొంగల్ని చూసినట్టు చూస్తున్నాడు.

పరీక్ష గదిలోంచి సంధ్య బయటికొచ్చింది. ఆ దుకాణంలో కళ్లు పరీక్ష చేసేది ఆమే, బిల్లు కొట్టేదీ ఆమే. యజమాని దినేశ్ సేఠ్ వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడని చూసుకుని, బల్ల దగ్గరికి వచ్చి, తుడుపుగుడ్డ కోసం వంగినట్టు వంగింది.

"ఇటియ్యి కాకా."

రెండు వేళ్లు ఇట్టే తిరిగాయి. మర కూర్చుంది.

"తుడిచి నువ్వే ఇయ్యి. నేనిస్తే సేఠ్‌కు డౌట్ వస్తది," అని గొణిగి వెళ్లిపోయింది.

మొగిలి తుడిచాడు. కాడలు రెండూ తెరిచి మూసి చూసి, స్వయంగా కౌంటరు దాకా వెళ్లి ఇచ్చాడు. యువకుడు పెట్టుకుని, "సూపర్ అంకుల్!" అన్నాడు. ఆ మాట మొగిలికి ఊరికే తిన్న అన్నంలా అనిపించింది.

వణుకు ఉగాది దాటాక మొదలైంది. మొదట టీ కప్పు సాసరుమీద టకటకలాడింది. దవాఖానలో డాక్టరు చేతులు చాపమని, ముక్కు తాకమని, కాగితంమీద సున్నా చుట్టమని అడిగాడు. మొగిలి చుట్టిన సున్నా గొంగళిపురుగులా వచ్చింది. "పానానికేం ఫికర్ లేదు. సన్నపని బంద్ చెయ్యి," అన్నాడు డాక్టరు. మొగిలికి వచ్చినదే సన్నపని. గడ్డపార పట్టమన్నా పట్టేవాడేమో గాని, ఆ వయసు దాటిపోయింది.

పుట్టింది గోపన్‌పల్లిలో. అది ఊరుగా ఉన్నప్పుడు అక్కడ కళ్లద్దాలున్నవాళ్లు ఇద్దరే: ఒకరు బడిపంతులు, రెండోవారు పట్వారీ. ఆయన అద్దాలు తీసి తుడిచేదాకా ఎదురుగా ఉన్నవాడు మాట్లాడేవాడు కాదు. వయసొచ్చాక మొగిలి కోఠీలో ఒక అద్దాల దుకాణంలో చేరి, తిరిగే రాతిమీద గాజు అంచులు అరగదీశాడు. వేళ్ల కొసలు తెల్లబడి, అన్నంలో కూడా గాజుపొడి తగిలేది. తర్వాత ప్లాస్టిక్ అద్దాలొచ్చాయి. వాటిని కోసే మిషన్లూ వచ్చాయి. మిషన్ చెయ్యలేనిది ఒక్కటే మిగిలింది, వంకరపోయిన ఫ్రేమును మనిషి ముక్కుకూ చెవికీ కుదిర్చే పని. ఆ పనితో మణికొండలో దినేశ్ సేఠ్ దుకాణానికి వచ్చి పడ్డాడు. అప్పటికే పొలాల్లో భవనాలు మొలిచాయి. భవనాలు మొలిచిన చోటల్లా కళ్లద్దాలూ మొలిచాయి.

ఇక్కడ కళ్లద్దాలు ఎట్లా చస్తాయో మొగిలిని అడగాలి. అద్దం పగిలి చచ్చేవి తక్కువ. బండిమీద పోయేవాడు హెల్మెట్ పెట్టుకున్నాక గుర్తొచ్చి, చెంపల సందుల్లోంచి కాడలను దూర్చుతాడు. ఒక చేతిలో ఫోను ఉంటుంది కనుక రెండో చేత్తో, ఒకే కాడ పట్టుకుని గుంజి తీస్తాడు. రాత్రి లాప్‌టాప్ ముందే పడుకుని, అద్దాలమీదికి పొర్లుతాడు. ఆ దెబ్బలన్నీ చేరేది కీలుకే. దాంట్లో మర ఉంటుంది. కాడ మూసి తెరిచినప్పుడల్లా మర వెంట్రుకవాసి తిరుగుతుంది, తిరిగి తిరిగి ఒకనాడు కూరలో పడుతుంది. దాన్ని వెతికేవాడికి కళ్లద్దాలుండవు. లోకంలో ఇంతకంటే తిక్క ఏర్పాటు ఇంకోటి లేదని మొగిలి అభిప్రాయం.

అభిప్రాయం ఎప్పటినుంచో ఉంది. పట్టుదల మాత్రం చెయ్యి వణికాకే వచ్చింది.

తల్లి దండకడియం గుర్తొచ్చింది. వెండిది, జబ్బకు పట్టినట్టుండేది. రెండు సగాల కొసల్ని కలిపేది ఒక శీల, అంతే. మర లేదు, బిగింపు లేదు. ఒక చెయ్యి కడియానిదైతే, రెండో చెయ్యి కొసల్ని ఒత్తిపట్టడానికి సరిపోతుంది. మరి శీలను లాగేదెవరు? అందుకే కంసాలి దాని తలను పంటికి అందేట్టు మనిషి వైపు తేల్చి పెట్టేవాడు. అమ్మ మెడ వంచి, పంటితో పట్టి, చటుక్కున లాగేది. నాట్లలో, కోతల్లో, బురదలో, చెమటలో ఆ శీల ఒక్కనాడు తనంతట తాను ఊడలేదు.

మొగిలి ఉక్కుతీగ తెగ్గొట్టి, నూరి, అలాంటి శీలే చేశాడు. కీలు రేకుల్లో బెజ్జం పెద్దది చేసి, దించి, మొదటి జత భార్య పోచమ్మకు పెట్టాడు. ఆమె అపార్ట్‌మెంట్లలో ఊడ్చే పని చేస్తుంది. చీపురు ఒక చేతిలో ఉంటుంది గనుక అద్దాలు తీసేది ఎప్పుడూ ఒంటిచేత్తోనే. కీలుకు అంతకుమించిన పరీక్ష లేదనుకున్నాడు.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి అద్దాలు అతని ముందు పడేసింది. కణత పక్క ఎర్రగా కందింది.

"అద్దాలు చేసినవా, ఎంట్రికలు పీకే మిషన్ చేసినవా? తీసినప్పుడల్ల నాలుగు ఊడుతున్నయి. ఇంకో వారం పెట్టుకుంటె తిరుపతి పోయే పనుండదు."

చూస్తే తప్పు తనదే. పళ్లతో లాగే శీలకు తల మనిషి వైపుండాలి. ఆ పద్ధతే మనసులో ఉండిపోయి, అద్దాల శీలకు కూడా తలను చెంప వైపే తిప్పాడు. కళ్లద్దాలను పళ్లతో ఎవరు విప్పుతారు? ఆ రాత్రంతా తనను తానే తిట్టుకున్నాడు, మధ్యమధ్య నవ్వుకున్నాడు.

మిగిలిన సగం యశస్విని తెచ్చింది. మాదాపూర్‌లో ఒక చిన్న ఫ్రేముల కంపెనీలో బొమ్మలు గీసే ఇంజనీరు. వదులైన తన అద్దాలు బిగించుకోవడానికి వచ్చి, బల్లమీద శీలలు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. వాటిని అటూ ఇటూ తిప్పింది, కాసేపు గోరు కొరికింది. ఆ తర్వాత కొప్పులోంచి ఒక పిన్ను తీసింది.

"అంకుల్, శీల నిటారుగానే ఎందుకుండాలి? ఇట్ల మడిచి ఉంటే? రెండు కాళ్లు ఎడంగా పోవాలని చూస్తుంటయి కదా, అవే పట్టుకుంటయి. మడత కిందికి పెడదాం. జుట్టు తగలదు, గోటితో లాగితే వచ్చేస్తది."

మొగిలి ఆ పిన్నును చాలాసేపు చూశాడు. ముప్పొద్దులా ఆడవాళ్ల తలల్లో కనబడే వస్తువు! "నీ తల సల్లగుండ బిడ్డా," అన్నాడు. అప్పటినుంచి ఆమె గీసింది, అతను నూరాడు. బెజ్జం నోరు గరాటులా వెడల్పు చేద్దామన్నది అతని మాట. శీల కొసలు ఎంత మేర సన్నం కావాలో ఆమె లెక్క. పోచమ్మ మిగిలిన ఎండాకాలం, వానాకాలం ఆ కొత్త కీలుతోనే ఊడ్చింది.

ఇవాళ మధ్యాహ్నం యశస్విని కంపెనీ యజమాని వెంకటరమణ గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే కొత్త ఫ్రేములకు ఇదే కీలు. నచ్చకపోతే మామూలు మరే. ఫ్రేములు పోసే అచ్చులకు ఇవాళో రేపో చెప్పెయ్యాలి, ఆ తర్వాత ఇంక మార్చరు.

దినేశ్ సేఠ్ వీధిలోంచి లోపలికొచ్చాడు. తాతలనాడు మార్వాడ్ నుంచి వచ్చిన కుటుంబం, తెలుగు మాత్రం పక్కా హైదరాబాదుది.

"మొగిలి భాయ్, కొమ్మ మీద కూసొని కొమ్మ కొడుతున్నవ్ నువ్వు. స్క్రూ ఊడితేనే గదా కస్టమర్ వచ్చేది. వచ్చినోడు ఉత్తగ పోతడా? ఒక ఫ్రేం చూస్తడు, జర ధర అడుగుతడు. నువ్వేమో ఊడకుంట చేస్తనంటున్నవ్."

"ఊడని ఫ్రేం అమ్మితె ఊరంత నీ దగ్గరికే వస్తది సేఠ్."

"ఒక్కసారే వస్తది!" అని సేఠ్ నవ్వాడు. పెద్దగా అడ్డుపడలేదు. ఈ పిచ్చి ముదరదనే ధీమా.

భోజనాల వేళకు పోచమ్మ వచ్చింది. దుకాణం వెనక మెట్లమీద కూర్చుని ఇద్దరూ తినడం అలవాటు. జొన్నరొట్టె, గోంగూర. మొగిలి రొట్టె తుంచితే ముక్క గిన్నెకు తగిలి టిక్కుటిక్కుమంది. పోచమ్మ గిన్నెను అతని ఒళ్లోకి జరిపింది.

"ఆ సారొస్తె ఎవరు చూపెడుతరు?" అంది.

"సంధ్యకు చెప్పిన. దాని చెయ్యి నీటు."

"పెండ్లి నీది, తలంబ్రాలు సంధ్య పోస్తదా?"

"నా చెయ్యి సేఠ్ చూసిండనుకో, రేపటిసంది ఆ కుర్చీల ఇంకోడుంటడు. వణికే చేతోనికి ఎవడిస్తడే పని?"

పోచమ్మ ఆలోచించింది. గిన్నె అడుగు వేలితో తుడిచి నాకింది. "అది గూడ నిజమే," అంది. ఆమె అంత తొందరగా ఒప్పుకోవడమే మొగిలికి నచ్చలేదు. ఇంకాస్త వాదిస్తే బాగుండునని ఎదురుచూశాడు. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, ఒంటిచేత్తో అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. కాడ చప్పుడు లేకుండా మడత పడింది, చప్పుడు లేకుండా తెరుచుకుంది. "నాకు మాత్రం గియే ఉండాలె. ఎవడేమన్న అననీ," అని పనిలోకి వెళ్లిపోయింది.

వెంకటరమణ గారు నెమ్మదైన మనిషి. భీమవరం వైపు మాట. లోపలికి రాగానే, యజమానికో మొగిలికో తేల్చుకోలేక, ఇద్దరికీ ఒకేసారి నమస్కారం పెట్టాడు. యశస్విని సంచిలోంచి రెండు ఫ్రేములు తీసి బల్లమీద పెట్టింది. ఒకటి మర కీలుది, రెండోది శీలది. పరీక్ష కోసం కాడలను ఆపకుండా తెరిచి మూసే మోటారే ముందు కాలిపోయిందనీ, కీలు మాత్రం అలాగే ఉందనీ చెప్పింది.

"గట్టితనం గురించి నాకు అనుమానం లేదమ్మా. పని సులువేనా అని," అన్నాడాయన.

సంధ్య కుర్చీలో కూర్చుంది. శీల తీసింది, పెట్టింది. కళ్లు ఆర్పేలోగా అయిపోయింది.

"బాగుందండీ! ఏదీ, ఆ రెండోదాంట్లో మర కూడా ఓసారి పెట్టమ్మా."

సంధ్యకు తన పనితనం మీద గర్వం ఎక్కువ. చిమ్టా తీసుకుంది, మర పట్టింది, తిప్పింది. అదీ అయిపోయింది. అయ్యాక గాని తనేం చేసిందో ఆమెకు తెలియలేదు. నాలుక కరుచుకుంది.

వెంకటరమణ గారు రెండు ఫ్రేముల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇదీ సులువే, అదీ సులువే. మరి ఉన్న మరను కాదని, అచ్చులన్నీ మార్చుకుని, నేను కొత్తదానికి ఎందుకు వెళ్లాలంటారు?" అడగడంలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

యశస్విని మొగిలి వైపు చూసింది. సేఠ్ మీసాల్లో నవ్వాడు.

మొగిలికి ఆ ప్రశ్నకు జవాబు తెలుసు. ఆ జవాబు జేబులో దాచిపెట్టిన తన కుడిచెయ్యి. దాన్ని బయటికి తీస్తే కీలు నిలబడుతుంది, కుర్చీ పోతుంది. తీయకపోతే కుర్చీ ఉంటుంది. కుర్చీ ఉంటే ఎన్నాళ్లు? సంధ్య వంగినప్పుడల్లా దొంగలా మొహం పక్కకు తిప్పుకుంటూ ఎన్నాళ్లు?

"సంధ్యా, జర లే బిడ్డా," అన్నాడు.

"కాకా, వద్దు..."

"లే."

కూర్చున్నాడు. రెండు చేతులూ బల్లమీద పెట్టాడు, అందరికీ కనబడేట్టు. కుడిచెయ్యి గాలికి ఆకులా ఆడుతోంది. సేఠ్ మీసాల్లో నవ్వు ఆగిపోయింది.

మొదట మర కీలు తీసుకున్నాడు. చిమ్టాతో మర పట్టాడు. జారింది. పట్టాడు. కీలు అంచుదాకా వచ్చి, బెజ్జం చుట్టూ ఈగలా తిరిగి, జారింది. ఎవరూ చూడనట్టు నటించడానికి వీల్లేనంత సేపు ప్రయత్నించాడు. తొందరపడలేదు. నుదుటిమీద చెమట పట్టినా తుడుచుకోలేదు. చివరికి చిమ్టా కింద పెట్టాడు.

"చూసిన్రు గదా సార్. ఇగ ఇది చూడుండ్రి."

శీలను వేళ్లతోనే పట్టాడు. వణుకుతూనే కీలు దగ్గరికి తెచ్చాడు. సన్నని కొసలు బెజ్జం అంచుకు తగిలి, అటు పోయి, ఇటు పోయి, గరాటు నోట్లోకి జారాయి. స్థిరమైన చెయ్యి ఒకేచోట గుచ్చి చూస్తుంది. వణికే చెయ్యి నాలుగు దిక్కులా వెతుకుతుంది. బొటనవేలితో ఒత్తాడు. టిక్ మంది.

కాడ తెరిచాడు, మూశాడు. గోటితో శీల లాగి అవతల పడేశాడు. మళ్లీ పెట్టాడు. టిక్. ఎడమచేత్తో తీశాడు, ఎడమచేత్తో పెట్టాడు. టిక్. ఇప్పుడు కళ్లు మూసుకున్నాడు. ఎవరూ అడగలేదు. తనకే చెయ్యాలనిపించింది. చీకట్లో వేళ్లు, తీగ, బెజ్జం. టిక్! కళ్లు తెరిచేసరికి సంధ్య చప్పట్లు కొడుతోంది. యశస్విని రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

వెంకటరమణ గారు ఫ్రేము అందుకున్నాడు. తను తీశాడు, తను పెట్టాడు. టిక్ మన్నప్పుడు పిల్లాడిలా మొహం విప్పారింది.

"మొగిలిగారూ, ఇది మీ చేతికోసమే చేశారా?"

"అవు సార్. దీనికి సాయం ఏదన్న ఉంటదా అని ఎతికిన. అయితె ముసలోళ్ల చేతులన్ని ఇట్లనే ఉంటయి గదా. అద్దాలు ఎక్కువ పెట్టుకునేది గూడ వాళ్లేనాయె."

ఆయన కాడను ఇంకోసారి తెరిచి మూశాడు. "మా అమ్మగారు అద్దాలకు దారం కట్టుకుని తిరుగుతారండీ," అన్నాడు. "యశస్వినీ, అన్ని మోడళ్లకూ ఇదే. అచ్చులకు చెప్పేయ్. మొదటి జత మాత్రం నాకివ్వాలి, ఈ ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్తున్నా."

వాళ్లు వెళ్లిపోయాక దుకాణంలో ముగ్గురే మిగిలారు. సేఠ్ కౌంటరుకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఎప్పటిసంది?"

"ఉగాది సంది."

"మరి గిన్ని రోజులు స్క్రూలు ఎవరు..." సేఠ్ సంధ్య వైపు చూశాడు. సంధ్య కళ్ల పరీక్ష అక్షరాల బోర్డును, ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు, పైనుంచి కింది దాకా చదువుతోంది. "ఏం మనుషులయ్యా మీరు! నాకు ఒక్కమాట చెప్పొద్దా?"

"చెప్తె కుర్చీ ఉంటుండెనా సేఠ్?"

దినేశ్ సేఠ్ అబద్ధమాడే మనిషే, వ్యాపారం గనుక. ఈ ప్రశ్నకు మాత్రం ఆడలేదు. చూపు గోడమీది ఫ్రేములవైపు తిప్పుకున్నాడు.

"కౌంటర్ల కూసో. వచ్చినోళ్లతోని మాట్లాడు. నిన్ను పొమ్మంటనా?"

"నాకు మాటలు రావు సేఠ్. కుర్చీ సంధ్యకియ్యి. బిల్లు కొట్టనీకి ఎవరన్న దొరుకుతరు, గీ చెయ్యి దొరకదు."

సంధ్య ఏదో అనబోయింది. "నువ్వు సప్పుడు జెయ్యకు. ఇందాక నన్ను ముంచినంత పని చేసినవ్," అన్నాడు మొగిలి. ముగ్గురూ నవ్వారు. సేఠ్ నవ్వు అందరికంటే ఆలస్యంగా ఆగింది.

మొగిలి చేతులు కడుక్కున్నాడు. ఆకుపచ్చ గుడ్డ దులిపి, సాపుగా పరిచాడు. చిమ్టాలను వరసగా పెట్టాడు. చెప్పులు తొడుక్కుంటూ, "పోయొస్త," అన్నాడు రోజూ అన్నట్టే.

బయట ఆఫీసులు వదిలే వేళ. వాన వెలిసి రోడ్డు మెరుస్తోంది. బస్సులు, కార్లు, బండ్లు ఒకదానికొకటి అంటుకుని కదులుతున్నాయి. మొగిలి ఫుట్‌పాత్ మీద నిలబడి ఎదురొచ్చే మొహాల్ని చూశాడు. పదిమందిలో ఆరేడుగురికి అద్దాలు. ఒకతను హెల్మెట్లోకి కాడలు దూరుస్తూ తిట్టుకుంటున్నాడు. ఒకామె ఫోను చెవికి పెట్టుకుని, రెండో చేత్తో అద్దాలు గుంజి తీసింది. గుంజండి, అనుకున్నాడు మొగిలి. ఎంత గుంజుతారో గుంజండి. ఇంకెన్నాళ్లు? ఛాతీ నిండా గాలి పీల్చాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకోవడం చాన్నాళ్లుగా అలవాటు. ఇవాళ పక్కన వదిలేశాడు. అది దాని ఇష్టానికి ఊగింది.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర పోచమ్మ ఎదురుచూస్తోంది.

"ఏమైంది?"

"గెలిచినం."

"కుర్చీ?"

"పోయింది."

పోచమ్మ అతని మొహంలోకి చూసింది, నవ్వుతున్నాడు. పదిమంది చూస్తున్నారని కూడా చూడకుండా, వణుకుతున్న ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని నడిచింది. "మరి మిఠాయి ఏది?" అంటోంది. "నిన్ను గిట్ల ఉత్త చేతులతోని ఎవడు పంపిండు?"

దుకాణంలో దీపాలు ఆర్పే ముందు సంధ్య ఆ కుర్చీలో కూర్చుని చూసింది. ఎత్తు సరిపోయింది. కాళ్లు చాపితే మోకాలికి ఏదో చల్లగా తగిలింది. వంగి చూసింది. బల్ల ఇనుపకాలికి లోపలి వైపున, పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం బిళ్ల ఒకటి అంటుకుని ఉంది. బెల్లం ముక్కను పట్టిన చీమల్లా, దాన్నిండా ఇన్నాళ్లూ కాకా చేతిలోంచి జారిన బుల్లి బుల్లి మరలు.